పొర ఎంత పలచనైతే అంత కరెంటు

గ్యాసును మంట పెట్టకుండానే దాని నుంచి కరెంటు తీయవచ్చు. హైడ్రోజన్, ఆక్సిజన్‌లతో విలియం గ్రోవ్ ఈ పని 1839లోనే చేసి చూపాడు. మంట, ఆవిరి, టర్బైను అనే చుట్టుదారి లేదు కనుక వృథా తక్కువ. అలాంటి ఇంధన ఘటాల్లో ఎక్కువ ఆశ కలిగిస్తున్నది పింగాణీ జాతి పదార్థంతో చేసే ఘన ఆక్సైడ్ ఘటం.

అందులో గాలికీ ఇంధనానికీ మధ్య ఉండి పనిచేసేది జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) పొర. శుద్ధ జిర్కోనియా వేడెక్కి చల్లారేటప్పుడు పగిలిపోతుంది కాబట్టి కొంత ఇట్రియా (ఇట్రియం ఆక్సైడ్) కలుపుతారు. దీనివల్ల ఇంకో మేలూ ఉంది. నాలుగు ధనావేశాల జిర్కోనియం స్థానంలో మూడే ఉన్న ఇట్రియం చేరడంతో, ప్రతి రెండు ఇట్రియం అయాన్లకు ఒక ఆక్సిజన్ చోటు ఖాళీ అవుతుంది. బాగా వేడి చేస్తే పక్కనున్న ఆక్సిజన్ అయాన్ ఆ ఖాళీలోకి దూకుతుంది. అది వదిలిన చోటికి మరొకటి వస్తుంది. ఇలా గాలి వైపు నుంచి ఇంధనం వైపు చేరిన ఆక్సిజన్, హైడ్రోజన్‌తో కలిసి నీరవుతుంది. అప్పుడు విడుదలైన ఎలక్ట్రాన్లకు పొర గుండా దారి లేదు, బయటి తీగలోంచే పోవాలి. ఆ ప్రవాహమే కరెంటు. సహజవాయువు, బయోగ్యాస్ కూడా ఇంధనంగా పనికొస్తాయి.

చిక్కంతా వేడితోనే. 1937లో బావుర్, ప్రైస్ అనే శాస్త్రవేత్తలు ఇలాంటి తొలి ఘటాన్ని నడిపినప్పుడు దాదాపు 1000 డిగ్రీల సెల్సియస్ కావలసి వచ్చింది. 700 డిగ్రీలకు దించితే భాగాలను కలపడానికి స్టెయిన్‌లెస్ స్టీలు సరిపోతుంది. కానీ అయాన్లు కదిలే సత్తా సుమారు పదో వంతుకు పడిపోతుంది. అందుకే దారినే కుదించారు: 150 మైక్రాన్ల పొరను 15 మైక్రాన్లు చేస్తే నిరోధం మళ్లీ మొదటి స్థాయికే వస్తుంది. 500 డిగ్రీల దగ్గర ఒకటి రెండు మైక్రాన్లకు దిగాలి.

అంత పలచని పొర తనంతట నిలవదు. నికెల్ కలిసిన, సన్నని రంధ్రాలున్న ఆనోడ్ (ఇంధనం వైపు ఎలక్ట్రోడ్) మీద పరిచి కాలుస్తారు, లేదా శూన్యపు గదిలో స్పటరింగ్ పద్ధతిలో పరమాణువులను పూతగా పేరుస్తారు. అసలు పరీక్ష ఇక్కడే. ఆ పొరలో ఒక్క సూదిబెజ్జం మిగిలినా గ్యాసు, గాలి నేరుగా కలిసి వోల్టేజి పడిపోతుంది, అక్కడే వేడి పేరుకుని పొర చిట్లుతుంది. చిన్న బిళ్ల మీద లోపం లేని పొర వేయడం సాధ్యమే, అరచేతంత పలక మీద కష్టం. ఇంధనంతోనూ జాగ్రత్త కావాలి: బయోగ్యాస్‌లోని గంధకం ఆనోడ్‌లోని నికెల్‌ను పాడు చేస్తుంది కనుక ముందే శుభ్రం చేయాలి.

కాబట్టి కొత్త ఘటం గురించి వార్త వస్తే అది ఎంత కరెంటు ఇచ్చిందని మాత్రమే చూడకండి. పొర ఎంత వెడల్పుది, ఎన్ని వేల గంటలు ఆగకుండా నడిచింది అని అడగండి.