మీకు తెలుసా? మోగని ట్యాపెట్‌తోనే ముప్పెక్కువ

స్ప్లెండర్ లాంటి 97.2 సీసీ ఇంజన్‌లో క్రాంక్ నిమిషానికి 8,000 చుట్లు తిరిగితే, ఒక్కో వాల్వు సెకనుకు దాదాపు 67 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది! బోరు పెంచి, క్యామ్ మార్చి, స్ప్రింగులు మాత్రం పాతవే ఉంచితే అవి అంత వేగంలో వాల్వును సమయానికి మూయలేవు. వాల్వు పిస్టన్‌కు తగిలి వంగిపోవచ్చు.

వాల్వును నొక్కి తెరిచే ట్యాపెట్ దగ్గర టకటక శబ్దం వస్తే వెంటనే మెకానిక్ దగ్గరికి వెళ్తాం. అంతకన్నా భయపడాల్సింది చప్పుడు లేకుండా బిగిసిన ట్యాపెట్‌కి. వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు, మంట ఆ సందులోంచి తన్నుకొచ్చి ఎగ్జాస్ట్ వాల్వు అంచును కాల్చేస్తుంది. పొద్దున్నే పలాసలో చక్కగా స్టార్టయిన బండి, టెక్కలిలో ఆపాక వేడిమీద అందుకోకపోతే ముందు దీన్నే అనుమానించాలి.

హెడ్డు విప్పకముందే కంప్రెషన్ చూడండి. ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే రీడింగు పెరిగిందా, లోపం రింగుల్లోనో సిలిండర్‌లోనో ఉన్నట్టు. పెరగలేదంటే వాల్వులనో హెడ్ గాస్కెట్‌నో చూడాలి. ట్యాపెట్ సందు ఇంజన్ పూర్తిగా చల్లారాకే కొలవాలి.

రింగులు, సిలిండర్ అరగకుండా ఉండాలంటే, ఉద్దానం ఇసుక దారుల్లో తిరిగేవాళ్లు శబ్దం కోసం, స్పీడు కోసం ఎయిర్ ఫిల్టరు మాత్రం తీయించకండి.