అవనిగడ్డ: పార్టీలు మారాయి, ఉప్పునీళ్ల గొడవ మారలేదు

ఈరోజు దివిసీమ వెళ్దాం. కృష్ణమ్మ సముద్రంలో కలిసే ముందు రెండు పాయలుగా చీలుతుంది కదా, ఆ పాయల మధ్య ఉన్న నేలే దివిసీమ. ఇక్కడి అసెంబ్లీ సీటు అవనిగడ్డ, లోక్‌సభ సీటు మచిలీపట్నం.

1977 నవంబర్ 19న ఇక్కడ ఉప్పెన వచ్చి వేలమంది చనిపోయారు. అప్పుడు జనం మధ్యే ఉండి పనిచేసిన నాయకుడిగా మండలి వెంకటకృష్ణారావు పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన కొడుకు బుద్ధప్రసాద్ 1999, 2004లో కాంగ్రెస్ నుంచి, 2014లో టీడీపీ నుంచి, 2024లో జనసేన నుంచి గెలిచారు. మరి ఇది కుటుంబం సీటేనా? కాదు. 2009లో, 2019లో ఇదే ఓటర్లు ఆయన్ని ఓడించారు.

సరే, ఎవరు గెలిచినా మారనివేంటి? కాలువ చివరి పొలాలకి నీళ్లు ఆలస్యంగా వస్తాయి. నదిలో మంచినీళ్లు తగ్గితే సముద్రపు ఉప్పునీళ్లు పైకి ఎక్కుతాయి. ఎదురుమొండి దీవుల వాళ్లు వంతెన కోసం ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు.

ఇక్కడే మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. కాలువలు, కరకట్టలు రాష్ట్రం చూసే పనులు, వాటి గురించి ఎమ్మెల్యేని నిలదీయాలి. మచిలీపట్నం-రేపల్లె రైల్వే లైను కేంద్రం పని, దాని గురించి ఎంపీని అడగాలి. ఎవరి పని ఏంటో తెలియకపోతే ఒకరి మీద ఒకరు నెట్టేసుకుంటారు, మనం చూస్తూ ఉండిపోతాం.

ఈసారి ఓటు అడగడానికి వచ్చినప్పుడు గుర్తు ఏంటని కాదు, కరకట్ట సంగతేంటని అడగండి.