పూత ఉంది, కాయ లేదు: తప్పు ఎరువుదా, నెలదా?

మార్చి మొదట్లో మిద్దె మీద కుండీల్లో టమాటా నారు నాటుతారు. ఏప్రిల్ వచ్చేసరికి మొక్క ఏపుగా పెరిగి, పసుపు పూత బాగానే వస్తుంది. ఆ తర్వాత పూలన్నీ కాడలతో సహా రాలిపోతాయి. ఎరువు తక్కువైందని ఒకరంటారు, నజర్ తగిలిందని ఇంకొకరంటారు. షాపువాడు ఏదో మందు సీసా చేతిలో పెడతాడు. మే నెలలో మొక్క పీకి పారేస్తారు. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు, కర్నూలు ఇళ్లలో ఏటా జరిగేదే ఇది.

అసలు కారణం వేడి. టమాటా పువ్వు కాయగా మారాలంటే రాత్రి చల్లబడాలి. రాత్రి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే కాయ బాగా పడుతుంది. పగలు 35 దాటి, రాత్రి కూడా 24, 25 కంటే తగ్గకపోతే పుప్పొడి సరిగ్గా పని చేయదు, పువ్వు రాలిపోతుంది. ఏ మందు సీసా కూడా రాత్రిని చల్లబరచలేదు. అదే నారు సెప్టెంబర్‌లో నాటి ఉంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కాయలు కోసుకునేవారు.

మరి ఎండాకాలంలో మార్కెట్‌కి టమాటా ఎక్కడి నుంచి వస్తుంది? చాలా వరకు మదనపల్లె వైపు నుంచి. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది, రాత్రిళ్లు విజయవాడంత వేడిగా ఉండవు. అందుకే అక్కడ ఆ పంట నిలబడుతుంది. కొద్ది ప్రాంతాల మీదే దేశమంతా ఆధారపడే ఆ నెలల్లో పంట కాస్త దెబ్బతిన్నా ధర ఎగురుతుంది. 2023 జులైలో కిలో వంద దాటిన సంగతి ఏ ఇంట్లోనూ మరచిపోలేదు.

చాలామంది ఇప్పుడు ఫోన్‌లో వీడియోలు చూసి విత్తనాలు వేస్తున్నారు. వాటిలో ‘ఆఖరి మంచు పడ్డాక నాటండి’, ‘మీ జోన్ నంబర్ చూసుకోండి’ అని చెబుతారు. ఆ జోన్లు అమెరికావి. చలికాలంలో ఒక చోట ఎంత చలి పడుతుందో దాన్ని బట్టి గీసినవి. షికాగోలో ఉన్న బంధువులు గోంగూర వేయాలంటే మే దాకా ఆగాల్సిందే, వాళ్లకి ఆ లెక్క కావాలి. మన మైదానాల్లో మొక్కని చంపేది మంచు కాదు. ఎండ, వేడి రాత్రి, నిలిచిన వాన నీరు, ఈ మూడే. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి ఇంకో లెక్క: అక్కడ సెప్టెంబర్ ఆఖరు, అక్టోబర్‌లో మొదలుపెట్టి మార్చిలోపు ముగించాలి.

మన రెండు రాష్ట్రాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు తొమ్మిది వాతావరణ మండలాలుగా చూస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆరు, తెలంగాణలో మూడు. ఇంటి తోటకి ఇంత వివరం అవసరం లేదు గానీ, పెద్ద తేడాలు మాత్రం తెలిసి ఉండాలి.

తెలంగాణలో, కోస్తాలో చాలా భాగం వాన జూన్ నుంచి సెప్టెంబర్ మధ్యే పడుతుంది. బీర, సొర, కాకర, పొట్ల, బెండ, గోరుచిక్కుడు తొలకరితో వేసేయొచ్చు. వంగ, మిరప నారు కూడా అప్పుడే పోసుకోవాలి. నెల్లూరు, తిరుపతి వైపు అలా కాదు. అక్కడ పెద్ద వానలు అక్టోబర్, నవంబర్‌లో, తుఫానులతో కలిసి వస్తాయి. హైదరాబాద్ చుట్టాల మాట విని అక్టోబర్‌లో లేత నారు నాటితే వేర్లు కుళ్లిపోతాయి. డిసెంబర్ దాకా ఆగడమే మంచిది. అనంతపురంలో వానే తక్కువ, అక్కడ నెల కంటే ముందు నీళ్లు ఎక్కడున్నాయో చూస్కోవాలి.

ఆదిలాబాద్‌ది ఇంకో సమస్య. అక్కడ చలికాలం రాత్రి పది డిగ్రీల కంటే కిందికి పడిపోతుంది. నవంబర్‌లో బెండ గింజ వేస్తే నేలలోనే ఉండిపోతుంది, ఎందుకంటే బెండకి మొలకెత్తడానికి వెచ్చదనం కావాలి. అదే బెండ మచిలీపట్నంలో ఆ నెలలోనూ మొలుస్తుంది. ఇక లంబసింగి, పాడేరు లాంటి మన్యం ఎత్తుల్లో క్యాబేజీ, క్యారెట్‌కి దొరికే చల్లని రోజులు కింద మైదానాల్లో దొరకవు.

మిద్దె విషయం వేరుగా చెప్పాలి. స్లాబ్ పగలంతా కాగి రాత్రి ఆ వేడిని వదులుతుంది. కింద పెరట్లో మార్చి దాకా నడిచే పంట, పైన కుండీలో ఫిబ్రవరి ఆఖరుకే అలసిపోతుంది. కాబట్టి మిద్దె తోట వాళ్లు చలికాలపు పంటలు రెండు మూడు వారాలు ముందే ముగిసేలా లెక్క వేసుకోవాలి.

కాలీఫ్లవర్ వేసేవాళ్లు ఎక్కువగా మోసపోయేది రకం దగ్గర. ఇందులో తొందరగా వచ్చే రకాలు, ఆలస్యంగా వచ్చే రకాలు వేర్వేరు. ఆలస్యపు రకానికి బాగా చలి కావాలి, ఆ చలి తగలకపోతే ఆకులే పెరుగుతాయి, పువ్వు రాదు. తొందర రకాన్ని చలి ముదిరాక నాటితే గుండీ అంత పువ్వు వేసి ఆగిపోతుంది. విత్తనాల షాపులో కంపెనీ పేరు అడిగే ముందు, ‘ఇది ఏ నెలలో నాటే రకం’ అని అడగాలి. మన మైదానాలకి తొందర రకమే సరిపోతుంది. ఆగస్టు, సెప్టెంబర్‌లో నారు పోసుకోవచ్చు.

చిక్కుడుది ఎండతో, చలితో కూడా కాదు, పగటి పొడవుతో లెక్క. పందిరికి పాకే నాటు చిక్కుడు పగళ్లు తగ్గాకే పూస్తుంది. జూన్, జులైలో గింజ పెడితే పందిరి అల్లుకుని చలికాలంలో గుత్తులు వేస్తుంది. అదే గింజ జనవరి ఆఖర్లో పెడితే నెలల తరబడి ఆకులే చూడాల్సి వస్తుంది.

పాతవాళ్లు ఈ లెక్కలన్నీ కార్తెలతో చెప్పేవారు. కార్తెలు సూర్యుడి లెక్కవి కాబట్టి ఏటా దాదాపు అదే తేదీకి వస్తాయి. మృగశిర జూన్ 8 అటూ ఇటూగా వస్తుంది, హైదరాబాద్‌లో అది చేప మందు రోజుగా అందరికీ గుర్తే. హిజ్రీ నెలలు చంద్రుడివి, ఏటా సుమారు 11 రోజులు ముందుకి జరుగుతాయి. అంటే ‘రంజాన్‌కి ముందు కొత్తిమీర వేద్దాం’ అనే మాట ఒక్కో ఏడాది ఒక్కో రుతువులో పడుతుంది. 2016, 2017, 2018లో రంజాన్ మే, జూన్‌లలో వచ్చింది. ఆ ఎండకి కొత్తిమీర మొలవడమే కష్టం, మొలిచినా ఆకు పెరగకముందే పూతకి వచ్చేస్తుంది. హలీం మీద చల్లే గుప్పెడు ఆకు కూడా ఖరీదయ్యేది అందుకే.

రాబోయే ఏళ్లు మాత్రం ఇంటి తోటకి అనుకూలమైనవి. 2027లో రంజాన్ ఫిబ్రవరి రెండో వారంలో మొదలవ్వొచ్చు. 2030లో అయితే జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబర్ ఆఖర్లో ఇంకోసారి, ఒకే ఏడాదిలో రెండు సార్లు వస్తుంది. చలికాలంలో కొత్తిమీర కోతకి 35 నుంచి 45 రోజులు పడుతుంది. 2027 కోసం డిసెంబర్ ఆఖరి వారంలో ధనియాలు రెండు బద్దలుగా నలిపి, రాత్రంతా నానబెట్టి ఒక కుండీలో వేయాలి. రెండు వారాలు ఆగి రెండో కుండీ, మళ్లీ రెండు వారాలకి మూడోది వేస్తే నెలంతా సరిపోతుంది. పుదీనాకి విత్తనం కొనక్కర్లేదు. బజారు కట్టలోని ముదురు కాడలు నవంబర్ ఆఖర్లో గుచ్చితే చాలు, ఎక్కువ ఎండ తగలని చోట పెట్టాలి.