టర్బో కారు స్లోలో ఎందుకు ఆగిపోతుంది?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ కబురు పంపినప్పుడు, కవిత రాద్దామా, చదువు ప్రాముఖ్యత మీద రాద్దామా అని మేము ముగ్గురం తర్జనభర్జన పడ్డాం. అవి ఏటా వస్తూనే ఉన్నాయి. మేము ఇదే హాస్టల్లో పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు ఫిజిక్స్‌లో పీజీ చేస్తున్నాం. మా మూడిళ్ళల్లోనూ డిగ్రీ పట్టా చూసింది మేమే మొదలు. అందుకని సెలవులకు వస్తే చుట్టాలు అడిగేది ఒక్కటే: "ఇంత చదివిండ్రు గదా, ఇదెందుకు నడుస్తలేదో చెప్పుండ్రి." మొన్న దసరాకు ఆ ప్రశ్న ఒక కారు రూపంలో వచ్చింది.

మాలో ఒకరి బావ గోదావరిఖనిలో కిరాయికి కారు నడుపుతాడు. అప్పు చేసి సెకండ్ హ్యాండ్‌లో కొన్న టర్బో పెట్రోలు బండి. కరీంనగర్, హైదరాబాద్ ఆసుపత్రులకు మనుషులను తీసుకుపోవడమే ఎక్కువ గిరాకీ. రాజీవ్ రహదారి మీద బండి బ్రహ్మాండంగా పోతుంది. చౌరస్తా దగ్గర ఎక్సలేటర్ మీంచి కాలు తీస్తే చాలు, సూది కిందికి పడి ఇంజన్ ఆగిపోతుంది. ఒక రాత్రి నొప్పులు పడుతున్న మనిషి వెనక సీట్లో ఉండగా మూడుసార్లు ఆగిందట. ప్లగ్గులు మార్చారు, పెట్రోలు పంపు మార్చారు. రెండు నెలల కిస్తీ అంత డబ్బు పోయింది, జబ్బు మాత్రం పోలేదు.

బానెట్ ఎత్తితే తళతళ మెరిసే అల్యూమినియం వాల్వు ఒకటి కనిపించింది. పాత యజమాని బిగించినది. కాలు తీసినప్పుడల్లా "ఉస్స్" మంటుంది. ఆ శబ్దం కోసమే దాన్ని పెట్టించుకుంటారు.

టర్బో అంటే ఏమిటో ముందు చూద్దాం. ఇంజన్ వదిలే పొగ వేగంతో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీది రెండో చక్రం గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూకి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో 1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే టర్బో కారు వచ్చింది. మన దగ్గర 2017లో వచ్చిన టాటా నెక్సాన్ లాంటి బండ్లతో టర్బో పెట్రోలు మామూలు ఇళ్ళ దాకా చేరింది. ఈ చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. అంత వేగంలో ఉండగా మనం కాలు తీస్తే థ్రాటిల్ మూత పడుతుంది. నొక్కిన గాలికి ముందు దారి ఉండదు, వెనక్కి తిరిగి చక్రాన్నే తంతుంది. అలా తన్నకుండా మధ్యలో ఒక వాల్వు తెరుచుకుని గాలికి పక్కదారి చూపుతుంది. ఇదే బ్లో-ఆఫ్ వాల్వు. కంపెనీ వాళ్ళు ఆ గాలిని బయటికి పోనివ్వరు, పైపు ద్వారా టర్బో ముందుకే మళ్ళీ తెస్తారు. మార్కెట్లో దొరికే వాల్వు దాన్ని బయటికి వదులుతుంది.

బయటికి వదిలితే ఏమవుతుంది? మన నాన్నలు బాయిలో చూసేదే ఇక్కడా జరుగుతుంది. భూగర్భ గనిలో గాలి తలుపులు జంటగా ఉంటాయి, ఒకటి తెరిచినా రెండోది మూసి ఉండాలని. రెండూ తెరిచి వదిలేస్తే గాలి దగ్గరి దారి పట్టి పోతుంది, బొగ్గు తీసే చోటికి చేరదు. ఫ్యాన్ ఎంత గాలి ఇస్తుందో లెక్క సరిగ్గానే ఉంటుంది, మనిషికి మాత్రం ఊపిరి ఆడదు.

కారులో ఆ లెక్క చూసేది ఎయిర్ ఫిల్టర్ పక్కన ఉండే సెన్సార్. 14.7 గ్రాముల గాలికి ఒక గ్రాము పెట్రోలు అన్న లెక్కన కంప్యూటర్ ఇంధనం పోయిస్తుంది. లెక్కలోకి వచ్చిన గాలి వాల్వులోంచి బయటికి పోతే పెట్రోలు మాత్రం పూర్తిగా పడుతుంది. ఇంజన్ ఉక్కిరిబిక్కిరై ఆగుతుంది. కొన్ని కార్లు గాలిని కొలవవు, మానిఫోల్డ్‌లోని పీడనం చూసి లెక్క కడతాయి. వాటికి ఈ బాధ పెద్దగా ఉండదు. "నా బండికేం కాలేదు" అనే మిత్రుడు అబద్ధమాడటం లేదు, అతని బండి వేరు, అంతే.

రెండో తంటా దీనికి తలకిందులు. బండి స్లోలో ఉన్నప్పుడు మానిఫోల్డ్‌లో పీడనం బయటి గాలిలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఆ లాగుడే సన్నని రబ్బరు గొట్టం ద్వారా వాల్వును తెరుస్తుంది. స్ప్రింగు మెత్తనిదైతే వాల్వు స్లోలో కూడా తెరిచే ఉండి, లెక్కలో లేని గాలిని లోపలికి పీలుస్తుంది. అప్పుడు పెట్రోలు తక్కువై సూది పైకీ కిందికీ ఊగుతుంది. ఫిల్టర్ తగలని ఆ గాలి ఎలాంటిదో గోదావరిఖనిలో ఉన్నవాళ్ళకు వేరే చెప్పాలా? ఉతికి ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి ఏ రంగులో ఉంటుందో మనకు తెలుసు.

వాల్వుకు పోయే సన్నని గొట్టాన్ని పీకి, దాని మూతిని బిగించి, బండిని నిలబెట్టి స్లోలో ఉంచాం. గొట్టం లేకపోతే స్ప్రింగు వాల్వును మూసే ఉంచుతుంది. (ఈ పరీక్ష నిలబెట్టే చేయాలి, అలా రోడ్డు మీదికి తీసుకుపోకూడదు.) ఊగడం సగం తగ్గింది, పూర్తిగా పోలేదు. అంటే ఇంకెక్కడో కన్నం ఉంది. స్కానర్ ఉన్న మెకానిక్ అన్నను బతిమాలి చూపించాం. స్లోలో కంప్యూటర్ పెట్రోలును చాలా ఎక్కువగా కలుపుతోంది, రేస్ ఇస్తే ఆ తేడా తగ్గుతోంది. గాలి లీకు ఇలాగే కనపడుతుంది, ఎందుకంటే కన్నం గుండా వచ్చే గాలి స్లోలో పెద్ద వాటా, వేగంలో చిన్న వాటా.

పైపుల వెంట చెయ్యి పెట్టి వెతికితే దొరికింది. కంపెనీ వాల్వు తీసేసినప్పుడు గాలి తిరిగొచ్చే పైపు మూతి ఖాళీ అయింది. దానికి గుడ్డ కుక్కి టేపు చుట్టారు. గుడ్డ లాగితే లోపలి గోడంతా నల్లటి పొడి. బావ ఆ పొడిని వేలితో తీసి చూసి చాలాసేపు మాట్లాడలేదు.

కంపెనీ రకం పాత వాల్వు ఒకటి సంపాదించాం. బిగించే ముందు దాని గొట్టం మూతిని నోటితో పీల్చి, నాలుకతో మూసి చూశాం. పీల్చిన లాగుడు నిలిచింది. నిలవకపోతే లోపలి రబ్బరు పొర చిరిగినట్టే. కొత్త క్లాంపులు వేసి, థ్రాటిల్ తుడిచి, స్కానర్‌తో స్లో మళ్ళీ నేర్పించాం. సూది ఎనిమిది వందల దగ్గర నిలబడింది. కొన్ని కొత్త కార్లలో ఈ వాల్వును కంప్యూటరే కరెంటుతో తెరుస్తుంది. వాటికి గొట్టంతో చేసే పై పరీక్షలు పనికిరావు.

ఓసీపీల్లో తిరిగే డంపర్లకు టర్బో ఉన్నా ఈ వాల్వు ఎందుకుండదని హాస్టల్ తమ్ముడొకడు అడిగాడు. డీజిల్ ఇంజన్‌లో వేగాన్ని తగ్గించేది గాలి మూత కాదు, డీజిలే. గాలి దారి తెరిచే ఉంటుంది కాబట్టి వెనక్కి తన్నే పని లేదు. పాత డీజిల్ జీపులకు కూడా శబ్దం కోసం ఇలాంటి వాల్వులు అమ్ముతున్నారని మెకానిక్ అన్న చెప్పి నవ్వాడు.

మెరిసే వాల్వు ఇప్పుడు బావ ఇంట్లో కిటికీ మీద ఉంది. అమ్ముదామంటే, ఎవరి బండికి పెడతారో అని ఆగాడు.