లిస్టర్ ఇంజను: బరువు చక్రాల చుట్టూ అల్లుకున్న అపోహలు

కరెంటు మోటార్లు రాని రోజుల్లో బావి గట్టున నీళ్లు తోడినా, పిండిమర తిప్పినా ఆయిలింజనే. వాటిలో ఒక్క సిలిండరు, అటూ ఇటూ రెండు బరువైన చక్రాలు ఉండి, నిదానంగా డుగ్గు డుగ్గుమనే రకానికి పుట్టిల్లు ఇంగ్లండులోని డర్స్‌లీ అనే చిన్న పట్టణం. అక్కడి ఆర్.ఎ. లిస్టర్ కంపెనీ 1929లో మొదలుపెట్టిన సీఎస్ (కోల్డ్ స్టార్ట్) వరస 1987 దాకా తయారైంది. మన దేశంలో రాజ్‌కోట్ కార్ఖానాలు అదే నమూనాను చేసి ఊరూరికీ పంపాయి. ఇంతకాలం బతికిన యంత్రం మీద కథలు పుట్టకుండా ఎలా ఉంటాయి?

అపోహ: మొదటి డీజిల్ ఇంజను ఇదే.

రుడాల్ఫ్ డీజిల్ ఇంజను జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో సరిగ్గా పనిచేసింది 1897లో. లిస్టర్ రంగంలోకి దిగేసరికి మరో మూడు దశాబ్దాలు గడిచాయి. 1867లో పుట్టిన ఆ కంపెనీ అంతకుముందు మీగడ తీసే యంత్రాలు, గొర్రెల ఉన్ని కత్తిరించే యంత్రాలు, పెట్రోలు ఇంజన్లు అమ్ముకునేది.

అపోహ: కోల్డ్ స్టార్ట్ అన్నారు కాబట్టి చలిదేశాల కోసం చేసింది.

ఇక్కడ చలికి సంబంధమే లేదు. అంతకుముందు పొలాల్లో ఎక్కువగా తిరిగినవి హాట్ బల్బ్ ఇంజన్లు. హెర్బర్ట్ అక్రాయిడ్ స్టువర్ట్ రూపకల్పనతో హార్న్స్‌బీ కంపెనీ 1892 నుంచి అమ్మిన రకం అది. దాన్ని నడపాలంటే ముందు బ్లో ల్యాంపు వెలిగించి సిలిండరు తల దగ్గరి ఇనప బుడ్డిని బాగా కాల్చాలి. సీఎస్‌కు ఆ తతంగం లేదు. ప్లగ్గు లేదు, బ్యాటరీ లేదు. ఎగ్జాస్ట్ వాల్వును చేత్తో ఎత్తిపట్టి హ్యాండిల్ తిప్పుతారు. చక్రాలు వేగం అందుకోగానే వాల్వు వదిలేస్తారు. లోపలి గాలి ఒక్కసారిగా నలిగి కాగుతుంది, పడిన డీజిల్ దానంతటదే అంటుకుంటుంది.

సిలిండరు తలకు ఒక చిన్న తిప్పుడు చక్రం ఉంటుంది. దాన్ని యాక్సిలరేటర్ అనుకునేవాళ్లున్నారు. వేగం చూసుకునేది గవర్నరు, దీని పని వేరు. తలలో ఉన్న అదనపు గదిని ఇది మూస్తుంది, తెరుస్తుంది. మూస్తే గాలికి చోటు తగ్గి కంప్రెషన్ పెరుగుతుంది కాబట్టి స్టార్టింగుకూ, తక్కువ లోడుకూ మూసి ఉంచుతారు, పూర్తి లోడు పడ్డాక తెరుస్తారు. ఇక్కడి నకళ్లలో చాలావాటికి ఈ ఏర్పాటే ఉండదు. ఆ మూల ఇంజను పనితనం నాకు ఎక్కువగా కనబడేది ఇందులోనే.

అపోహ: చక్రం ఎంత బరువైతే పవర్ అంత ఎక్కువ.

చక్రం గాదె లాంటిది, దాచిపెడుతుందే కానీ పండించదు. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో రెండు చుట్లకు ఒక్కసారే మంట. నిమిషానికి 650 చుట్లు తిరిగే ఇంజనుకు 325 మంటలు. మధ్యలో ఆగిపోకుండా లాక్కుపోవడమే చక్రం పని. ఆకుల చక్రం ఉంటే అసలుదనీ, గుండు చక్రం ఉంటే నకిలీ అనీ అనడం కూడా తప్పే. డర్స్‌లీలోనే రెండు రకాలూ చేశారు. దీపాలు మినుకుమినుకుమనకూడదని జనరేటరు సెట్లకు బరువైన గుండు చక్రాలు వేశారు.

6/1 అనే అంకెను గేరు నిష్పత్తి అనుకోవద్దు. ఆరు హార్స్ పవర్, ఒక సిలిండరు అని అర్థం. 1930ల నాటి 5/1కు కాస్త వేగం పెంచితే వచ్చింది 6/1. ఇంకా వేగంగా తిరిగేది 8/1. తొలినాళ్ల 9/1, జంట సిలిండర్ల 10/2, 12/2 మన పల్లెల్లో కంటపడటం అరుదు. అన్నిటికన్నా ముచ్చటైనది స్టార్ట్ ఓ మ్యాటిక్. ఇంట్లో మొదటి దీపం స్విచ్ వేస్తే షెడ్డులో ఇంజను స్టార్టయ్యేది, చివరి దీపం ఆర్పితే ఆగేది.

అపోహ: ఇంజను ఎంత చల్లగా ఉంటే అంత మన్నిక.

ఎక్కువ ఇంజన్లను పాడుచేసిన నమ్మకం ఇదే అంటాను. పంపు నీళ్లలో ఒక పాయను నేరుగా సిలిండరు చుట్టూ ఉండే నీళ్ల జాకెట్టులోకి మళ్లించి, ఇంజను చన్నీళ్లలా ఉందని మురిసిపోతారు. డీజిల్ కాలినప్పుడు నీటి ఆవిరి, గంధకపు పొగ పుడతాయి. లైనరు గోడ చల్లగా ఉంటే అవి అక్కడే చెమర్చి ఆమ్లమై రింగులనూ లైనరునూ తింటాయి. పూర్తిగా కాలని ఇంధనం ఆయిల్లో కలుస్తుంది. పాతకాలపు డ్రమ్ము పద్ధతే మేలు. వేడి నీళ్లు పై గొట్టం గుండా డ్రమ్ములోకి ఎక్కుతాయి, చల్లారినవి కింది గొట్టం గుండా తిరిగొస్తాయి. పంపు అక్కర్లేదు.

అపోహ: ఏ నూనె పోసినా నడుస్తుంది.

దీని వెనక నిజమైన కథే ఉంది. 1900 ప్యారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపారు, ఆ సంగతి డీజిలే తర్వాత రాశాడు. ఆదిలాబాద్ గూడేల్లో కానుగ నూనెతో జనరేటర్లు నడిపిన అనుభవం మనకూ ఉంది. కానీ నడవడం వేరు, మన్నడం వేరు. పచ్చి నూనె చిక్కన. వేడిచేసి పల్చన చేయకపోతే ఇంజెక్టరు కొనకు మసి గడ్డకడుతుంది, రింగులు అతుక్కుంటాయి. డీజిల్‌తో మొదలుపెట్టి, ఆపేముందు మళ్లీ డీజిల్‌కు మారడమే క్షేమం.

ఇక రాజ్‌కోట్ ఇంజన్లన్నీ నాసి అనడం అన్యాయం. బోరు 114.3 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 139.7 మిల్లీమీటర్లు అనే కొలతలు అక్కడా ఇక్కడా ఒకటే. తేడా అంతా ముగింపు పనిలో ఉంది. కొన్నిటి క్రాంక్ కేసులో పోత పోసినప్పటి ఇసుక మిగిలిపోతుంది. ఈ ఇంజనుకు ఆయిల్ ఫిల్టరు లేదు. కనెక్టింగ్ రాడ్డు అడుగున ఉన్న డిప్పరు ఆయిలును చిమ్మడమే దీని లూబ్రికేషన్, ఆయిలుతో పాటు ఇసుకనూ చిమ్ముతుంది. కాబట్టి కొత్తది కొన్నా, పాతది తెచ్చుకున్నా ముందు పక్క తలుపు విప్పి లోపలంతా కిరోసిన్‌తో కడగండి. మీ దొడ్లో తుప్పుపట్టినది ఉంటే తూకానికి వేసేముందు దాని ప్లేటు తుడిచి చదవండి. డర్స్‌లీ అని కనబడితే పాత ఇనుము ధరకు మాత్రం ఇవ్వకండి.