పురుగుమందు చల్లేవారికి రక్తపరీక్ష

మన సంఘాలలో పాడి మీదనే బ్రతికే సభ్యులు కొద్దిమంది. మిగిలినవారికి ఒకటో రెండో గేదెలతో పాటు పత్తి, మిరప, కంది, కూరగాయల సాగు ఉన్నది. భూమి లేనివారు ఇతరుల చేలలో మందు చల్లడానికి కూలికి పోతున్నారు. ఉదయం కేంద్రంలో పాలు పోసి, మధ్యాహ్నం వరకు వీపున ట్యాంకుతో తిరిగి, సాయంత్రం మళ్ళీ పాలు పితకడానికి కూర్చునే సభ్యుడు ప్రతి ఊళ్ళోను ఉన్నాడు. అతనికి తలనొప్పి, చెమటలు, కడుపులో తిప్పడం, కళ్ళు మసకబారడం కలిగితే ఎండ తగిలిందనుకొని మజ్జిగ త్రాగి పడుకుంటాడు. ఎండ కావచ్చు, మందు కావచ్చు. మొదటి దశలో రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. కొన్ని మందుల విషయంలో ఈ తేడా తేల్చగల రక్తపరీక్ష ఒకటి ఉన్నది. దాని పేరు కోలినెస్టరేజు పరీక్ష. అది ఏమిటి, ముఖ్యంగా ఎప్పుడు చేయించుకోవాలి అన్నది సభ్యులకు తెలియజేయడానికే ఈ వ్యాసం.

ముందు మందు ఒంట్లో చేసే పని చూద్దాం. నరం కండరానికి కబురు పంపాలంటే నరం కొన నుండి ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం విడుదల కావాలి. కబురు అందిన మరుక్షణం దానిని తుంచివేసే ఎంజైము కోలినెస్టరేజు. మడి తడిసిన వెంటనే మడవ కట్టే మనిషి వంటిది ఇది. క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, క్వినాల్‌ఫాస్, ఎసిఫేట్, మోనోక్రోటోఫాస్ మొదలైన ఆర్గానోఫాస్ఫేటు జాతి మందులు ఈ ఎంజైమును పట్టుకొని పని చేయనివ్వవు. మడవ కట్టేవాడు లేకపోతే మడి పొంగినట్లు, కబురు ఆగకుండా పోతూనే ఉంటుంది. నోట చొంగ, కంట నీరు, చెమట కారుతాయి. కంటిపాప గుండుసూది మొనంత అవుతుంది. కండరాలు అదురుతాయి. ముదిరితే ఊపిరి ఆడదు. పురుగు చచ్చేదీ, మనిషి పడిపోయేదీ ఒకే దారిన.

ఈ మందు నోటి ద్వారానే లోపలికి పోతుందని చాలామంది అనుకుంటారు. చేలో పనిచేసేవారికి ఎక్కువగా చర్మం ద్వారానే పోతుంది. కారే ట్యాంకు వలన తడిసిన వీపు, మందు కలిపిన చేయి, తడి పైరులో నడిచిన కాళ్ళు, ఇవీ దాని దారులు. నీళ్ళు మోసి మందు కలిపే ఆడవారికి, ఆ బట్టలు ఉతికేవారికి కూడ ఇది తప్పదు.

ఇక పరీక్ష. విషం సోకిందా అని తెలుసుకోవడానికి రెండు మార్గాలు ఉన్నవి. మూత్రంలో మందు విరిగిన ముక్కలను వెతకడం ఒకటి. లోపలికి ఏమి పోయిందో అది చెబుతుంది గాని కొద్ది రోజులలో ఆ ఆనవాలు పోతుంది. పోయిన మందు ఒంట్లో ఎంత పని చేసిందో చూడడం రెండవది. నరాలలోని ఎంజైమును తీసి చూడలేము. దాని బదులు రక్తంలో ఉన్న అదే జాతి ఎంజైమును కొలుస్తారు. 1961లో ఎల్మన్ అనే శాస్త్రజ్ఞుడు ప్రకటించిన పద్ధతిలో, ఎంజైము చురుకుగా ఉంటే పరీక్షనాళికలో పసుపురంగు త్వరగా చిక్కబడుతుంది. మందగిస్తే రంగు నెమ్మదిగా వస్తుంది.

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. ఆరోగ్యవంతులలో కూడ ఈ ఎంజైము ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా ఉంటుంది. అందుచేత ప్రయోగశాల చీటీలో "సాధారణం" అని వ్రాసే హద్దులు చాలా వెడల్పు. రోజుకు 8 లీటర్లు ఇచ్చే గేదె ఒక వారంగా 5 లీటర్లే ఇస్తున్నదనుకోండి. 5 లీటర్లు ఇచ్చే గేదెలు ఊరంతా ఉన్నవి గనుక ఇది సాధారణమే అని ఏ పాడిరైతైనా ఊరుకుంటాడా? పొదుగు చూస్తాడు, మేత చూస్తాడు, పశువైద్యుని పిలుస్తాడు. ఎందుకంటే అది నిన్నటిదాకా ఎంత ఇచ్చిందో అతనికి తెలుసు. మనిషి రక్తం సంగతీ అంతే. తన ఎంజైములో మూడవ వంతు పోయిన తరువాత కూడ ఒక మనిషి సాధారణపు హద్దులలోనే ఉండవచ్చు. అతని పాత లెక్క లేనిదే ఆ నష్టం ఎవరికీ కనబడదు. ప్రారంభ నిల్వ వ్రాయని స్టాకు రిజిస్టరులో తరుగు పట్టమంటే ఏ ఇన్‌స్పెక్టరూ పట్టలేడు.

కనుక మొదటి పరీక్ష మందు చల్లడానికి ముందే, కనీసం 30 రోజులు ఈ జాతి మందు ముట్టకుండా ఉన్న తరువాత చేయించాలి. మన పత్తి, మిరప రైతులకు మే నెల అనువైన కాలం. తరువాత పిచికారీ ముమ్మరంగా ఉన్నప్పుడు మళ్ళీ పరీక్షించి మొదటి అంకెతో పోల్చాలి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 1974 నుండి పొలం కూలీలకు ఈ పద్ధతి అమలు చేశారు. మొదటి లెక్కలో 80 శాతం కంటె తగ్గితే పనిచేసే తీరును తనిఖీ చేయాలి. ఎర్రకణాల ఎంజైము 70 శాతానికి గాని, ప్లాస్మా ఎంజైము 60 శాతానికి గాని దిగితే ఆ కూలీని మందు పని నుండి తప్పించాలి. తిరిగి 80 శాతానికి ఎక్కిన తరువాతనే మళ్ళీ రానివ్వాలి. సాధారణంగా సగానికి సగం పోయేవరకు బాధలు స్పష్టంగా బయటపడవు గనుక, మనిషి పడిపోకముందే హెచ్చరించడం ఈ అంకెల ఉద్దేశం.

పైన రెండు ఎంజైములు చెప్పాను. ఎర్రకణాలలోనిది నరాలలోని దానికి దగ్గర బంధువు. అది దెబ్బతింటే కొత్త కణాలు పుట్టాలి గనుక కోలుకోవడం చాలా నెమ్మది, రోజుకు ఇంచుమించు ఒక శాతం. ప్లాస్మాలోనిది కాలేయంలో తయారై కొన్ని వారాలలో కోలుకుంటుంది. అయితే కామెర్లు, పోషకాహార లోపం, గర్భం వలన కూడ అది తగ్గుతుంది. మనవద్ద తేలికగా దొరికేది ఈ రెండవదే. కనుక ఆ సంగతులన్నీ వైద్యునికి ముందే చెప్పాలి.

ఈ పరీక్షకు అందని మందులు చాలా ఉన్నవి. కార్బమేటు జాతి కూడ ఇదే ఎంజైమును పట్టుకుంటుంది గాని కొద్ది గంటలలోనే వదిలివేస్తుంది. మరునాడు పరీక్షిస్తే ఏమీ తెలియదు. సైపర్‌మెత్రిన్ వంటి పైరెత్రాయిడ్లు, కలుపు మందులు ఈ పరీక్షలో పడనే పడవు. చీటీ బాగున్నది గదా అని చేతితో మందు కలపడానికి వీలులేదు.

ఇంకొక మాట. మందు చల్లిన తరువాత పాలు త్రాగితే విషం విరుగుతుందని ఊళ్ళలో గట్టి నమ్మకం. పాలు మన సరుకే అయినా చెప్పక తప్పదు, ఈ విషానికి పాలు విరుగుడు కాదు. పోయిన ఎంజైమును అవి తిరిగి తేలేవు. సొమ్మసిల్లినవానికి పోస్తే ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉన్నది. అట్టి సమయంలో 108కు కబురు చేసి, తడిసిన బట్టలు తీసివేసి, సబ్బుతో ఒళ్ళు కడిగి, మందు సీసాను గాని దాని లేబులును గాని వెంట తీసుకొని ఆసుపత్రికి చేర్చాలి. రక్తపరీక్ష ఫలితం కోసం ఆగనక్కరలేదు. లక్షణాలను బట్టి వైద్యుడు ఎట్రోపిన్ మొదలుపెడతాడు.

1971 నాటి క్రిమిసంహారక మందుల నియమావళిలో 37వ నియమం, ఈ మందులు తయారుచేసే కర్మాగారాలలోని వారికి నెలకొకసారి కోలినెస్టరేజు కొలవాలన్నది. మందు చల్లేవారికి ఏడాదికొకసారి వైద్యపరీక్ష అన్నది. కర్మాగారానికి యజమాని, రిజిస్టరు ఉంటాయి. రోజుకొక చేలో కూలిచేసే వాని పేరు ఏ రిజిస్టరులో వ్రాస్తారు? మన సంఘాలు గాలికుంటు టీకాలకు ప్రతి పశువుకూ లెక్క ఉంచుతున్నవి. ఆ పుస్తకంలో నాలుగు పేజీలు మందు చల్లే సభ్యులకు కేటాయించడం కష్టమేమీ కాదు. ఏప్రిల్ సమావేశంలోనే పేర్లు వ్రాసుకొని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యునితో సంప్రదించి, మే నెలలో అందరినీ ఒకే ప్రయోగశాలకు పంపాలి. ప్రయోగశాల మారితే కొలిచే పద్ధతి, అంకెలు మారి పోలిక చెడుతుంది. రక్తం ఇచ్చేముందు చేతులు సబ్బుతో బాగా కడుక్కోవాలి, చర్మానికి అంటిన మందు నమూనాలో కలిస్తే అంకె తప్పుగా తగ్గి కనిపిస్తుంది. చీటీ నకలు ఒకటి సంఘంలో, ఒకటి సభ్యుని పాల పాసుపుస్తకంలో అంటించి ఉంచాలి.