బొంత కుట్టిన చేతికి జపాను కుట్టు బరువు కాదు

రుషికొండ: బొంత తెలియని ఇల్లు మన పల్లెల్లో అరుదు. పాతబడిన నేత చీరలు మూడు నాలుగు పొరలుగా పరచి, మడతలు సవరించి, ఒక అంచు నుంచి కుట్టుకుంటూ పోతే చలికాలానికి పక్క తయారవుతుంది. దానికి మిషను అక్కరలేదు, పెట్టుబడి అక్కరలేదు. సూది, దారం, ఓపిక ఉంటే చాలు. సరిగ్గా ఇదే కుట్టును జపాను దేశపు రైతులు, జాలర్లు నమూనాలతో ముస్తాబు చేశారు. దాని పేరు సషికో. చిన్న చిన్న పోట్లు అని ఆ మాటకు అర్థం.

విశాఖకు జపాను కొత్త కాదు. 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ రైలుదారి మీదుగా వచ్చిన బైలదిల్లా ఇనుప ఖనిజం మన రేవులో ఓడలకెక్కి ఆ దేశపు ఉక్కు కర్మాగారాలకు వెళ్ళింది. మన రాయి అక్కడికి పోయినప్పుడు వారి కుట్టు మన వాకిట్లోకి వస్తే తప్పేమీ లేదు.

లేమిలో పుట్టిన విద్య

ఎడో కాలంలో, అంటే 1603-1868 మధ్య, జపాను పల్లెల్లో సషికో బాగా వాడుకలోకి వచ్చింది. ఆ దేశపు ఉత్తర ప్రాంతం మంచు సీమ. అక్కడ పత్తి పండదు. త్సుగారు ప్రాంతంలో రైతులు నూలు బట్ట కట్టరాదని పాలకులు ఆంక్ష కూడా పెట్టారు. వారికి మిగిలింది నార బట్ట. దాని సందుల్లోంచి చలిగాలి దూరుతుంది. ఆడవారు నూలు దారం సంపాదించి ఆ సందులు మూసేలా దగ్గర దగ్గరగా కుట్టారు. చలి ఆగింది, బట్టకు గట్టితనం వచ్చింది, చూడ ముచ్చటైన నమూనా కూడా ఏర్పడింది.

సముద్రం మీదికి పోయే జాలర్లు కూడా పొరలు పొరలుగా కుట్టిన కోటు తొడిగేవారు. దానిని దొంజా అనేవారు. ఎడో పట్నంలో నిప్పు ఆర్పే సిబ్బంది ఇటువంటి దళసరి కోటునే నీళ్ళలో తడిపి తొడుక్కుని మంటల్లోకి దిగేవారు. నీలిమందులో ముంచిన ముదురు నీలం బట్ట, దాని మీద తెల్ల దారం సషికోకు గుర్తు. మన దేశంలో బెంగాలు కాంథా, బీహారు సుజని, ఉత్తర కర్ణాటక కౌది, మన బొంత అన్నీ ఈ కుట్టుకు అక్కచెల్లెళ్ళే.

హుద్‌హుద్ నాటి బొంత

ఈ కుట్టు మీద ఈ విలేకరికి ఆసక్తి కలగడానికి ఇంట్లో ఒక కారణం ఉన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు మా ఇంటి రేకులు లేచిపోయాయి. ఆ రాత్రి పిల్లలను ఒక మూలకు చేర్చి కప్పింది మా అమ్మ కుట్టిన బొంత. ఆ బొంత ఇప్పుడు మూడు చోట్ల చిరిగింది. అమ్మకు చూపు ఆనదు. ఇంట్లో మిగిలిన వారెవరికీ ఆ కుట్టు రాదు. దుకాణంలో తక్కువ ధరకే దుప్పటి దొరుకుతున్నప్పుడు నేర్చుకోవలసిన పని ఏమిటని మేమెవరమూ ఆమె దగ్గర కూర్చోలేదు. చాలా ఇళ్ళలో కథ ఇదే. సషికో గురించి చదివాక, అది నేర్చుకుంటే బొంతా బాగవుతుందని సూది పట్టడం జరిగింది.

ఏమేమి కావాలి

బట్ట: మెత్తని నూలు బట్ట. నైలాను, పాలిస్టరు చీరలు పనికిరావు, సూదికి జారిపోతాయి. కొత్త బట్టయితే ముందు ఉతికి ఆరవేయాలి. లేకపోతే కుట్టిన తరువాత ముడుచుకుపోతుంది.

దారం: లావుపాటి నూలు దారం. ఎంబ్రాయిడరీ దారమైనా, మామూలు దారం రెండు మూడు పేటలైనా సరే. చేయి చాచినంత పొడవే తీసుకోవాలి. ఎక్కువైతే చిక్కులు పడుతుంది.

సూది: పొడవుగా, బెజ్జం పెద్దదిగా ఉండాలి. దబ్బనం వద్దు, బట్టకు కన్నాలు పడతాయి.

మొదటి పనికి అడుగు చదరపు గుడ్డ రెండు పొరలుగా తీసుకుంటే చాలు. జపానులో కొత్తగా నేర్చుకునేవారు కూడా ఇంతటి వంటింటి గుడ్డతోనే మొదలుపెడతారు.

కుట్టే పద్ధతి

ఇది టైలర్లు కచ్చా కుట్టు అనేదే. పైన కనిపించే కుట్టు బియ్యపు గింజంత ఉండాలి, అడుగున అంతకంటే కొంచెం తక్కువ ఉండాలి. పైన మూడు పాళ్ళు, కింద రెండు పాళ్ళు అని లెక్క. సూదిని నిలకడగా పట్టి, బట్టనే మడతలుగా సూదికి ఎక్కించాలి. నాలుగైదు కుట్లు పడ్డాక దారం లాగి, బొటనవేలితో కుట్టు వెంట నిమరాలి. ఈ నిమరడం మరిస్తే బట్ట ముడతలు పడుతుంది. మలుపు తిరిగే చోట వెనుక వైపు దారం కొంచెం వదులుగా వదలాలి. గీతలు కలుసుకునే చోట నడిమి ఖాళీగా ఉంచాలి. అక్కడ కుట్లు ఒకదానిపై ఒకటి పడితే నమూనా మొద్దుబారుతుంది. ముడి వేయరు. మూడు నాలుగు కుట్లు పాత కుట్టు మీదుగానే వెనక్కి వేసి దారం తెంపుతారు.

ముగ్గు వచ్చిన వారికి నమూనా వచ్చినట్లే

సంక్రాంతికి చుక్కలు పెట్టి ముగ్గు కలిపే ఆడవారికి ఇందులో కొత్తదనం లేదు. సుద్దముక్కతో గళ్ళు గీసుకుని మొదలుపెట్టాలి.

అన్నిటికంటే సులువైనది జూజి. అర సెంటీమీటరు గళ్ళు గీసి, ముందు అడ్డం కుట్లన్నీ వేసి, తరువాత ఒక్కొక్క కుట్టు నడిమిగా దాటేలా నిలువు కుట్టు వేయాలి. కూడిక గుర్తులు ఏర్పడతాయి. జపాను లిపిలో పది అంకె ఇదే. ఈ నమూనాలో మాత్రం పైకుట్టు, అడుగుకుట్టు సమానం.

రెండవది షిప్పో. దీనికి గాజు ఒకటి చాలు. గాజు పెట్టి ఒకదానికొకటి తాకేలా వరుసగా, నిలువుగా వలయాలు గీయాలి. నాలుగు వలయాల నడుమ మిగిలిన ఖాళీ మీద అదే గాజు పెట్టి, అవి తాకిన నాలుగు చోట్లనూ కలుపుతూ ఇంకో వలయం గీస్తే నాలుగు రేకుల పూలు తేలుతాయి.

మూడవది సెయిగైహా, అంటే కెరటాలు. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పడిన అర్ధవలయాలు. రోజూ కెరటాలు చూసే రుషికొండ వారికి ఇది చెప్పనక్కరలేదు.

చేయి తిరిగాక ఆసానోహా పట్టవచ్చు. గోగు, జనుములాగా వారు నార తీసే ఒక మొక్క ఆకు అది. ఆ మొక్క త్వరగా, నిటారుగా పెరుగుతుంది గనుక, బిడ్డ కూడా అలాగే ఎదగాలని పసిపిల్లల బట్టల మీద ఈ నమూనా కుట్టేవారు.

అమ్ముకునేవారికి ఒక మాట

చేతికుట్టు సంచులకు, దిండు గలీబులకు పట్నంలో గిరాకీ ఉన్నదని చెప్పి పని అప్పగించేవారు వస్తారు. ఒక గుడ్డకు ఎన్ని గంటలు పట్టిందో, ఎంత దారం పోయిందో కాగితం మీద రాసుకోకుండా ధర ఒప్పుకోరాదు. డ్వాక్రా సంఘంలో పదిమంది కలిసి ధర చెబితే బేరం నిలుస్తుంది. పని పగటి వెలుతురులోనే చేయాలి. కళ్ళు పోయాక కూలి ఎంత వచ్చినా లాభం లేదు. అన్నిటికంటే ముందు, ఇంట్లో బొంత కుట్టిన పెద్దావిడ ఉంటే ఆమె పక్కన ఒక పూట కూర్చోవాలి. పుస్తకంలో దొరకని కిటుకులు ఆ వేళ్ళలో ఉంటాయి.

ఈ విలేకరి మొదటి చిరుగు బాగుచేసి బొంత అమ్మ చేతిలో పెట్టాడు. ఆమె చూపుతో కాదు, వేలితో తడిమి చూసింది. "కుట్టు పెద్దదైపోనాది రా నాయనా, పిల్లల కాలేలు తగులుకుంటాది" అన్నది. విప్పి మళ్ళీ కుట్టవలసి వచ్చింది. ఇంకా రెండు చిరుగులు ఉన్నాయి.